నాణేలు, స్టాంపులు ఆన్‌లైన్ వేలంలో: ఏ వస్తువుకు ఏ చోటు మంచిది?

"ఏ సైట్ మంచిదండీ?" అని అడిగేవాళ్ళని నేను ముందు ఒక ప్రశ్న అడుగుతాను: మీకు కావలసింది ఏమిటి, లేదా మీ చేతిలో ఉన్నది ఏమిటి? మొదటి వెండి నాణెం కొందామని ఉత్సాహపడుతున్న మనిషికీ, ఇంట్లో పాత పెట్టెలో దొరికిన మూడు వందల నాణేలు ఏం చెయ్యాలో తెలియక కూర్చున్న మనిషికీ ఒకే సలహా చెబితే ఇద్దరూ నష్టపోతారు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అదే నాణెం కొనేరోజు ఒక ధర, అమ్మేరోజు ఇంకో ధర, ఆ రెండింటి మధ్య ఎంత పోతుందనేది చాలావరకు మీరు ఎంచుకున్న చోటును బట్టి ఉంటుంది.

నేను చోట్లను పోల్చేటప్పుడు ముందు ఒక్క విషయం చూస్తాను. ఏ వేలంలోనైనా ఒక పని ఎవరో ఒకరు చెయ్యక తప్పదు: వస్తువు అసలుదేనా, ఏ స్థితిలో ఉంది, ఎంత చేస్తుంది అని తేల్చే పని. వేలం సంస్థ ఆ పని చేస్తే కమిషన్ పేరుతో డబ్బు తీసుకుంటుంది. నాణేన్ని పరీక్షించి, స్థితికి అంకె ఇచ్చి, డబ్బాలో సీలు చేసే గ్రేడింగ్ కంపెనీ చేస్తే ఫీజు తీసుకుంటుంది. ఎవరూ చెయ్యకపోతే ఆ పని మీ నెత్తిన పడుతుంది, అది చేతకాకపోతే ఫీజు కన్నా ఎక్కువే పోతుంది. కాబట్టి ఈ వస్తువు విషయంలో ఆ పని నేను చెయ్యగలనా, లేక డబ్బిచ్చి చేయించుకోవాలా అన్నది తేలితే చోటు దానంతట అదే తేలిపోతుంది.

ఎవరైనా అమ్మే పెద్ద సంత

1995లో మొదలైన ఈబే దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఎవరైనా ఫోటో తీసి పెట్టొచ్చు, ఎవరైనా పాడొచ్చు, వస్తువును ముందుగా చేత్తో పట్టుకుని పరీక్షించేవాళ్ళు సాధారణంగా ఉండరు. అందుకే ఇక్కడ దొరకనిది లేదు, నమ్మడానికి వీల్లేనివీ అన్నే ఉన్నాయి.

సంతలో ధైర్యంగా కొనదగినవి కొన్ని ఉన్నాయి. కాటలాగ్‌లో స్పష్టంగా ఉన్న, తక్కువ ఖరీదు మామూలు నాణేలు. ఏడాది వారీగా చేర్చే మీ సిరీస్‌లో ఖాళీగా ఉన్న ఏడాదులను పూరించే నాణేలు. వాడిన స్టాంపుల గుత్తులు, పాత పోస్టుకార్డులు. ఒకవేళ పొరపాటు జరిగినా పోయేది కొద్దిగానే, పైగా పది కొన్నాక కంటికి అలవాటు వస్తుంది. ఖరీదైనవి కొనాలంటే మాత్రం గుర్తింపు ఉన్న గ్రేడింగ్ కంపెనీ డబ్బాలో సీలు చేసినవి మాత్రమే చూడండి, అవి కూడా ఎలా సరిచూసుకోవాలో కింద చెబుతాను.

లిస్టింగ్ చదివేటప్పుడు నేను నాణెం కన్నా ముందు అమ్మేవాడిని చదువుతాను. ఎంత మంది మెచ్చుకున్నారన్న శాతం దగ్గర ఆగిపోకండి, దేనికి మెచ్చుకున్నారో చూడండి. నిన్నటిదాకా ఫోన్ కవర్లు అమ్మిన ఖాతా ఇవాళ ఒకేసారి పది అరుదైన వెండి డాలర్లు పెట్టిందంటే అక్కడి నుంచి బయటికి రావడమే మంచిది. "వారసత్వంగా వచ్చింది, నాకు నాణేల గురించి ఏమీ తెలియదు, ఫోటో చూసి మీరే నిర్ణయించుకోండి" అన్న మాటలు కనబడితే ఇంకా జాగ్రత్త. నిజంగా తెలియనివాళ్ళు ఉంటారు, కాదనను, కానీ అరుదైన ఏడాదినే సరిగ్గా ఎంచి పెట్టి తెలియదనడం మాత్రం అనుమానించాల్సిన విషయం.

నేను మొదట్లో కొన్న ఒక మోర్గాన్ డాలర్ అలాంటి లిస్టింగ్‌లోదే. అమెరికా వెండి డాలర్, 26.73 గ్రాములు ఉండాలి, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి. వచ్చిన రోజు వంటింటి త్రాసు మీద పెడితే 24 గ్రాములు కూడా తూగలేదు. ఎంత అరిగినా అంత తగ్గదు, పైగా అది అరిగిన నాణెం కూడా కాదు. త్రాసు అంకె కనబడేలా ఫోటో తీసి అదే రోజు ఫిర్యాదు పెట్టాను కాబట్టి డబ్బు వెనక్కి వచ్చింది, కానీ మూడు వారాలు ఆ టెన్షన్ తప్పలేదు. అప్పటి నుంచి పార్సిల్ తెరిచే పని ఏ ఒక్కసారీ రేపటికి వాయిదా వెయ్యలేదు. తెరవడం మొదలుపెట్టినప్పటి నుంచి వీడియో తీస్తాను, వెంటనే తూస్తాను.

సంతలో ఇంకో రోగం దొంగ పాట. అమ్మేవాడే వేరే పేరుతోనో, స్నేహితుల చేతనో పాడించి ధర పెంచడం. 2000లో ఈబేలో ఒక పెయింటింగ్ 25 సెంట్ల దగ్గర మొదలై 135,805 డాలర్ల దాకా వెళ్ళింది. గొప్ప చిత్రకారుడి పని అయి ఉంటుందని జనం ఆశపడ్డారు. అమ్మేవాడు తన వస్తువు మీద తానే పాడాడని తేలడంతో ఆ అమ్మకం రద్దయింది, తర్వాత అది కోర్టు కేసు దాకా పోయింది. ఇప్పుడు సైట్లు దీన్ని పట్టుకోవడంలో చాలా మెరుగయ్యాయి, అయినా పూర్తిగా పోలేదు. పాటల చరిత్ర తెరిచి చూడండి. ఎక్కడా ఏదీ గెలవని ఖాతా ఒకటి ఎప్పుడూ ఇదే అమ్మకందారు వస్తువుల మీదే పాడుతుంటే ఆ వేలం వదిలెయ్యండి.

పేరున్న వేలం సంస్థలు

హెరిటేజ్, స్టాక్స్ బోవర్స్, జర్మనీలో క్యూంకర్, లండన్‌లో నూనన్స్, స్పింక్ లాంటివి. స్పింక్ అయితే 1666 నుంచి ఉన్న పేరు. ఒకప్పుడు వీటిలో కొనాలంటే హాల్లో కూర్చోవాలి, లేదా ఉత్తరం రాసి పాట పంపాలి. ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లోనే. నమిస్‌బిడ్స్, సిక్స్‌బిడ్, బిడ్డర్ లాంటి వేదికల్లో చాలా సంస్థల కాటలాగ్‌లు ఒకేచోట చూడొచ్చు.

ఇక్కడ నాణేన్ని తెలిసినవాళ్ళు చేత్తో పట్టుకుని చూసి వివరం రాస్తారు. గీతలు, అంచు దెబ్బ, పాత శుభ్రం చేసిన గుర్తు లాంటివి రాస్తారు. తర్వాత నకిలీ అని తేలితే డబ్బు తిరిగి ఇచ్చే షరతు చాలా సంస్థల నియమాల్లో ఉంటుంది, ఎంత కాలంలోపు, ఏ రుజువు మీద అన్నది చదవకుండా పాడొద్దు. కొన్ని సంస్థలు గుత్తగా అమ్మే లాట్‌లకూ, గ్రేడింగ్ అయిన డబ్బాలకూ ఆ షరతు వర్తించదని అదే కాగితంలో రాస్తాయి.

దీనికి డబ్బు ఎక్కడ కడుతున్నామంటే బయ్యర్స్ ప్రీమియం దగ్గర. సుత్తి పడిన ధర, అంటే గెలిచిన ఆఖరి పాట, దాని మీద కొన్నవాడు అదనంగా ఇచ్చే శాతం అది. 20 శాతం చాలాచోట్ల కనబడే అంకె, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఒక లెక్క చూద్దాం, ఏ కరెన్సీ అయినా సరే. సుత్తి 1000 దగ్గర పడింది. ప్రీమియం 200. పోస్టు, బీమా కలిపి 40. మీరు కట్టేది 1240. అమ్మినవాడి దగ్గర సంస్థ 10 శాతం తీసుకుంటే అతని చేతికి వచ్చేది 900. మధ్యలో 340 పోయింది. అదే సంతలో 1000కి అమ్ముడైతే, సైట్ కమిషన్ 13 శాతం అనుకుంటే, అమ్మినవాడికి 870 వస్తుంది, కొన్నవాడు 1040 ఇస్తాడు. మధ్యలో పోయింది 170.

చూడగానే సంస్థ ఖరీదైనదనిపిస్తుంది. కానీ అనుభవం ఉన్న పాటదారు 1200 దాటనని అనుకుంటే వెనక్కి లెక్కేసుకుని 1000 దగ్గరే ఆగిపోతాడు. అంటే ప్రీమియం పేరుకు కొన్నవాడిది, నిజానికి చాలా భాగం అమ్మినవాడికి రావలసిన సొమ్ములోంచే పోతుంది. "మీ దగ్గర కమిషన్ ఏమీ తీసుకోం" అని ఒక సంస్థ చెప్పినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి, కొన్నవాడి దగ్గర ఎంత తీసుకుంటున్నారో తప్పకుండా అడగండి. మరైతే అక్కడ ఎందుకు అమ్మాలి అంటే, నిజంగా అరుదైన వస్తువుకు సంతలో 1000 పలికితే అక్కడ 1500 పలకవచ్చు, ఎందుకంటే ఆ ముక్క కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే పది మందికీ కాటలాగ్ చేరుతుంది. మామూలు వస్తువుకు ఆ పది మంది లేరు, అక్కడ 340 ఊరికే పోయినట్టే.

మధ్యలో ఉన్నవి

క్యాటవికీ లాంటి సైట్లలో అమ్మేది ఎవరైనా, పెట్టే ముందు మాత్రం సైట్ నిపుణుడు ఫోటోలు, వివరాలు చూసి ఒప్పుకోవాలి. సంతకన్నా చెత్త తక్కువ. అయితే ఎక్కువగా ఆయన చూసేది ఫోటోనే తప్ప చేతిలో నాణేన్ని కాదు, ఆ తేడా మరచిపోవద్దు. కొన్నవాళ్ళ దగ్గర కూడా అదనపు రుసుము ఉంటుంది. మధ్యస్థాయి వస్తువులకి, అంటే సంతలో పెడితే భయం, పెద్ద సంస్థ తీసుకోదు అనిపించేవాటికి ఇది పరవాలేదు.

వేలం అసలే లేని దుకాణాలు ఇంకో దారి. వీకాయిన్స్, ఎంఏ షాప్స్ లాంటి చోట్ల డీలర్లు ధర రాసి పెడతారు. వేలాల గురించి రాస్తూ దీన్ని ఎందుకు కలిపానంటే, రోమన్, గ్రీకు లాంటి ప్రాచీన నాణేలు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను వేలం వద్దనే చెబుతాను. ప్రాచీన నాణేలు చేత్తో కొట్టినవి, ఏ రెండూ ఒకేలా ఉండవు, తూకంలో తేడాలు మామూలే, కాబట్టి యంత్రం మీద తయారైన నాణేనికి పనికొచ్చే పరీక్షలు ఇక్కడ సరిపోవు. కాస్త ఎక్కువ ధరైనా, అసలుదని డీలరు పూచీ పడే చోట మొదటి ఐదో పదో కొనుక్కుంటే అది చదువుకు కట్టిన ఫీజు అనుకోండి. పైగా ఆ నాణెం ఏ దేశం నుంచి, ఎప్పుడు బయటికి వచ్చిందన్న కాగితం కూడా ముఖ్యం. సాంస్కృతిక సంపద అక్రమ తరలింపు మీద యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది, సైప్రస్, ఇటలీ లాంటి దేశాల కొన్ని రకాల ప్రాచీన నాణేల దిగుమతిని అమెరికా ఆంక్షల కిందకు తెచ్చింది. పాత వేలం కాటలాగ్‌లో ఫోటోతో అచ్చయిన నాణేనికి ఇవాళ ఎక్కువ పలకడానికి ఇదొక కారణం. మీ దేశంలో పాత వస్తువుల ఎగుమతి, దిగుమతుల చట్టం ఏమంటుందో కొనకముందే చూసుకోండి, పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిపోయాక చూసి లాభం లేదు.

ఇక లైవ్ వీడియోలో ముప్పై సెకన్ల వేలాలు. తూకం అడిగే సమయం ఉండదు, పాత ధరలు చూసుకునే సమయం ఉండదు, అమ్మేవాడి మాట తప్ప ఆధారం ఉండదు. బయటి చోట ఆ ధర ఎంతో నోటికి వచ్చేదాకా దూరంగా ఉండండి. సేకరించేవాళ్ళ గ్రూపుల్లో నేరుగా కొనడం మాత్రం నాకు ఇష్టమే, కమిషన్ మిగులుతుంది, స్నేహాలు దొరుకుతాయి. కానీ రక్షణ ఏమీ ఉండదు కాబట్టి ముక్కూ మొహం తెలియని మనిషికి వెనక్కి తీసుకోలేని పద్ధతిలో డబ్బు పంపకండి.

పాట ఎలా పాడాలి

చాలా సైట్లలో మీరు గరిష్ఠంగా ఎంత ఇవ్వగలరో రాస్తే సైటే మీ తరఫున అవసరమైనంత మేరకే పెంచుతూ పోతుంది. మీరు 500 రాశారు, రెండోవాడు 310 దగ్గర ఆగాడు, మీకు దక్కేది 310 మీద ఒక మెట్టు ఎక్కువకి. ఆర్థికవేత్త విలియం వికరీ 1961లో రెండో ధర వేలం (గెలిచినవాడు రెండో పెద్ద పాట ధర కట్టే పద్ధతి) గురించి రాసిన దానికి ఇది దగ్గరి చుట్టం, ఆయనకి 1996లో నోబెల్ వచ్చింది. ఇలాంటి పద్ధతిని స్టాంపుల వ్యాపారులు ఉత్తరాల ద్వారా జరిపే వేలాల్లో 19వ శతాబ్దం చివర్లోనే వాడారని తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది, మన అభిరుచి నుంచి సిద్ధాంతం కన్నా ముందే పుట్టిన ఆలోచన అది.

దీని వల్ల తేలేదేమిటంటే, మీకు ఆ వస్తువు నిజంగా ఎంత విలువైనదో ఆ అంకె ఒక్కసారి రాసి వదిలేయడం మంచి పద్ధతి. మధ్యమధ్యలో తిరిగి వచ్చి "ఇంకో పది వేద్దాం" అనుకుంటే అది వస్తువు కోసం కాకుండా గెలుపు కోసం పాడటం అవుతుంది. నేను అంకెను ముందే కాగితం మీద రాసుకుంటాను, ప్రీమియం, పోస్టు, కస్టమ్స్ సుంకం అన్నీ అందులోంచి తీసేశాక మిగిలినదే నా పాట.

ఎప్పుడు పాడాలి అన్నది వేలం ఎలా ముగుస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. ఈబేలో గడియారం ఆగిందంటే వేలం ఆగినట్టే, అందుకే చివరి సెకన్లలో పాడేవాళ్ళు ఎక్కువ. కొన్ని సంస్థల్లో చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే సమయం పొడిగిస్తారు. ఆర్థికవేత్తలు ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ఈబేని, అప్పట్లో అమెజాన్ నడిపిన వేలాలనీ పోల్చి చూసి, సమయం పొడిగించే చోట చివరి క్షణపు పాటలు బాగా తక్కువని చూపించారు. కాబట్టి కచ్చితంగా ముగిసే చోట ఆఖరున పాడండి, ఎందుకంటే ముందే పాడితే అనుభవం లేనివాళ్ళని రెచ్చగొట్టి ధర మీరే పెంచుకున్నట్టవుతుంది. పొడిగించే చోట ఆ ఎత్తుగడకు అర్థం లేదు, అంకె రాసేసి పడుకోండి.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? అడుగుతున్న ధరల నుంచి మాత్రం కాదు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు, మామూలు నాణేనికి లక్షలు అడిగే లిస్టింగ్‌లు చూసి ఇంట్లో అందరూ ఆశపడటం నేను ఎన్నోసార్లు చూశాను. అమ్ముడైన ధరలే చూడాలి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. హెరిటేజ్, స్టాక్స్ బోవర్స్ పాత వేలాల ఫలితాలు ఫోటోలతో సహా వాళ్ళ సైట్లలోనే ఉంటాయి. ప్రాచీన నాణేలకి ఏసీసెర్చ్, కాయిన్‌ఆర్కైవ్స్ ఉన్నాయి. నాణెం ఏదో గుర్తుపట్టడానికి న్యుమిస్టా సైట్ ఉచితం. కనీసం ఐదు అమ్మకాలు, ఒకే స్థితిలో ఉన్నవి, దగ్గరి కాలానివి తీసుకోండి, అన్నిటికన్నా పైదీ కిందదీ వదిలేసి మధ్యలోవి నమ్మండి.

ఒక్క పెద్ద పాట చూసి ఆశపడొద్దు అనడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ 2021 జూన్‌లో న్యూయార్క్‌లో సోత్‌బీస్ వేలం. బూట్ల డిజైనర్ స్టూవర్ట్ వైట్స్‌మన్ తన సేకరణ అమ్మాడు. 2002లో దాదాపు 75.9 లక్షల డాలర్లకు అమ్ముడైన 1933 డబుల్ ఈగిల్ బంగారు నాణెం ఆ రోజు సుమారు 1.89 కోట్ల డాలర్లు పలికింది. అదే మనిషి 2014లో దాదాపు 95 లక్షల డాలర్లు పెట్టి కొన్న, ప్రపంచంలో ఒకే ఒక్కటిగా పేరుపడ్డ బ్రిటిష్ గయానా ఒక సెంట్ స్టాంపు అదే వేలంలో 83 లక్షలకే పోయింది. అదే రోజు, అదే అమ్మకందారు, అదే హాలు. ఒకటి పెరిగింది, ఒకటి తగ్గింది. అరుదైనది కాబట్టి ధర పెరిగి తీరుతుందని ఎవరైనా చెబితే ఈ స్టాంపు సంగతి చెప్పండి.

అసలుదేనా

తూకం, కొలత, అయస్కాంతం. ఈ మూడూ ఇంట్లోనే చెయ్యొచ్చు. 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు, ఒక కాలిపర్, ఒక అయస్కాంతం కొనండి, మొదటి నాణెం కన్నా ముందు ఇవి కొనమనే చెబుతాను. వెండికి అయస్కాంతం అంటుకోదు, అంటుకుంటే కథ ముగిసినట్టే, అంటుకోనంత మాత్రాన వెండి అని కాదు, రాగి, ఇత్తడి కూడా అంటుకోవు. ఆ తర్వాత సాంద్రత చూడాలి. గిన్నెలో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేసి, దారంతో కట్టిన నాణేన్ని అడుగుకి తగలకుండా నీళ్ళలో ముంచితే త్రాసు ఒక అంకె చూపిస్తుంది. పొడి తూకాన్ని ఆ అంకెతో భాగిస్తే సాంద్రత. శుద్ధ వెండి సుమారు 10.49, రాగి 8.96. బంగారం 19.3 దగ్గర, టంగ్‌స్టన్ కూడా దాదాపు అంతే, అందుకే టంగ్‌స్టన్ పెట్టి బంగారం పూత పూసిన కడ్డీల దగ్గర ఈ పరీక్ష చేతులెత్తేస్తుంది.

తూకానికి దొరకని మోసాలు ఇంకా ఉన్నాయి. 1893లో శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలలో మోర్గాన్ డాలర్లు లక్ష మాత్రమే కొట్టారు, వాటి మీద ఎస్ అనే చిన్న అక్షరం ఉంటుంది. ఆ అక్షరం లేని అసలు నాణేనికి ఎస్ అతికించి అమ్మినవాళ్ళు ఉన్నారు. వెండి అసలుదే, తూకం సరైనదే, అబద్ధం అంతా ఆ ఒక్క అక్షరంలోనే. ఆస్ట్రియా రాణి మరియా థెరిసా బొమ్మ ఉన్న థేలర్ అనే వెండి నాణెం మీద ఎప్పుడూ 1780 అనే ఉంటుంది, కానీ ఆమె పోయిన తర్వాత కూడా వియన్నాతో పాటు ఎన్నో టంకశాలలు ఆ తేదీతోనే కొడుతూ వచ్చాయి. అవి నకిలీలు కావు, అలాగని రెండు శతాబ్దాల నాటివీ కావు. "1780 నాటి వెండి నాణెం" అని రాసిన లిస్టింగ్‌కి మీరు ఇవ్వాల్సింది చాలాసార్లు వెండి విలువ మీద కొద్దిగా మాత్రమే.

ఇలాంటి చోట గ్రేడింగ్ కంపెనీల అవసరం వస్తుంది. పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత సెంట్ల కోసం తయారుచేసిన 1 నుంచి 70 దాకా కొలమానాన్నే ఇవాళ వాడుతున్నారు, 60 నుంచి పైవన్నీ వాడకంలో అరగనివి. డబ్బా మీద ఉన్న నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి, అక్కడ ఫోటో ఉంటే మీ నాణెం గీతలు, మచ్చలు దానితో కలుస్తున్నాయో లేదో చూడండి. నంబరు నిజమైనంత మాత్రాన డబ్బా నిజమైనది కాదు, డబ్బాలని కూడా నకిలీ చేస్తున్నారు.

అమ్మేటప్పుడు

ముందు ఒక్క మాట, బతిమాలుతున్నాను: కడగొద్దు. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, పళ్ళపొడి వద్దు, వెండి పాలిష్ అసలే వద్దు. ఏళ్ళ తరబడి పట్టిన సహజమైన రంగుకే సేకరించేవాళ్ళు డబ్బులిస్తారు. రుద్దితే పడే సన్న గీతలు మళ్ళీ పోవు, వాటిని తెలిసినవాడు భూతద్దం పెట్టగానే చూస్తాడు. మా బంధువు ఒకాయన మంచి మనసుతో నా కోసం ఒక పెట్టె నాణేలు మెరిసేలా తోమి ఇచ్చారు, ఏమీ అనలేకపోయాను, కానీ వాటిలో రెండింటి విలువ వెండి ధర దాకా పడిపోయింది. మెత్తటి పీవీసీ కవర్లలో ఉన్నవి మాత్రం వెంటనే తీసెయ్యండి, ఆ ప్లాస్టిక్ నాణెం మీద ఆకుపచ్చ జిగురు వదులుతుంది, లోహాన్ని తినేస్తుంది.

పెట్టెలో ఉన్నవాటిని మూడు కుప్పలు చెయ్యండి. లోహం విలువ తప్ప ఇంకేమీ లేనివి ఒకటి: వాటిని వేలానికి పెడితే కమిషన్ దండగ, లోహం ధరకి దగ్గరగా ఇచ్చే డీలరుకి గ్రాముల లెక్కన అమ్మండి. మామూలువి, కానీ సేకరించేవాళ్ళు అడిగేవి రెండోది: దేశం వారీగా, సిరీస్ వారీగా చిన్న లాట్‌లు కట్టి సంతలో పెట్టండి, ఒక్కొక్కటి పెడితే పోస్టు ఖర్చే మింగేస్తుంది. మూడో కుప్పలో బహుశా రెండో మూడో ఉంటాయి, వాటి మీదే మీ సమయం అంతా పెట్టండి. అన్నీ కలిపి ఒక్కడికే గుత్తగా ఇచ్చేస్తే కొన్నవాడు మంచివాటికి మాత్రమే లెక్క వేసుకుంటాడు, మిగిలినవన్నీ అడ్డికి పావుశేరు.

గ్రేడింగ్ చేయించాలా అంటే, పంపడం, రావడం, బీమా, ఫీజు అన్నీ కలిపి వేసుకోండి. గ్రేడ్ వచ్చాక పెరిగే ధర ఆ మొత్తానికి రెండింతలైనా ఉంటుందనిపిస్తేనే పంపండి, ఎందుకంటే మీరు 65 అనుకున్నది వాళ్ళు 62 అనవచ్చు, "శుభ్రం చేసినది" అని రాసి అంకె ఇవ్వకపోవచ్చు కూడా.

మొదలు ధర దగ్గర చాలామంది తడబడతారు. బాగా గిరాకీ ఉన్న వస్తువును తక్కువలో మొదలుపెడితే పాటదారులు చేరతారు, పోటీ దానంతట అది పుడుతుంది. ఎప్పుడో ఒకడు తప్ప అడగని వస్తువును అలా పెట్టడం ప్రమాదం, ఆ వారం ఆ ఒక్కడు రాకపోతే మొదలు ధరకే పోతుంది. అలాంటిదాన్ని స్థిరమైన ధరకి పెట్టి ఓపిక పట్టండి. వేలం సంస్థకి ఇస్తుంటే రిజర్వ్ ధర, అంటే అంతకన్నా తక్కువకి అమ్మకూడదన్న అంకె, అడగండి, అమ్ముడు కాకపోతే వెనక్కి తీసుకోవడానికి ఎంత, ఫోటోలకి, బీమాకి విడిగా తీసుకుంటారా, డబ్బు ఎన్ని రోజులకి ఇస్తారు, ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. ఏ వేలంలో పెడతారన్నది కూడా అడగాలి. మీ దేశపు నాణేలు ఒకటి రెండు వేరే దేశాల మధ్య ఇరుక్కున్న కాటలాగ్‌లో ఎవరి కంటా పడవు, అవే నాణేల ప్రత్యేక వేలంలో నాలుగు నెలలు ఆలస్యమైనా మంచి ధర వస్తుంది.

ఫోటోకి కిటికీ పక్కన వెలుగు చాలు. రెండు వైపులు, అంచు, డబ్బా ఉంటే దాని నంబరు. లోపం ఉంటే దాన్ని దగ్గరగా తీసి మొదటి వరుసలోనే రాయండి. అలా రాయడం వల్ల ధర కొద్దిగా తగ్గవచ్చు, వెనక్కి రావడం మాత్రం బాగా తగ్గుతుంది. పంపేటప్పుడు రెండు గట్టి అట్టల మధ్య నాణెం కదలకుండా టేపు వేసి, ఊపితే చప్పుడు రాకుండా చూసుకోండి. కవరు మీద నాణేలు అన్న మాట అనవసరంగా రాయకండి, కస్టమ్స్ పత్రంలో మాత్రం ఉన్నదున్నట్టు రాయాల్సిందే. పంపే ముందు నాణెం తూకం త్రాసు మీద కనబడేలా ఒక ఫోటో మీ దగ్గర ఉంచుకోండి. అసలు నాణెం తీసుకుని నకిలీది తిప్పి పంపేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ రోజు మీ తరఫున మాట్లాడేది ఆ ఫోటోనే.